సాక్షి సీసాలు

మేడమీది ఇల్లు
జూన్ 6

బంగారు చెల్లికి,

నీ పార్సిల్ పోయిన నెలే అందింది. పన్నెండు లోషన్ సీసాలూ పగలకుండా వచ్చాయి. కొన్ని ముప్పావు వంతు, కొన్ని సగం ఉన్నాయి. పన్నెండు మూతలు తిప్పుతూ కూర్చునే ఓపిక లేక అన్నీ ఒక పెద్ద గాజు జాడీలో పోసి వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. జాడీ మూత కాస్త వదులు. ఫరవాలేదు, చేతికి అందుతుంది. మనవరాలికి రోజుకోసారి అందులోంచే రాస్తున్నాను. మీ బావగారు నిన్న పొద్దున అది మీగడ అనుకుని రొట్టెకు రాసుకోబోయారు. "పోన్లే, కడుపు మృదువుగా ఉండేది" అన్నాను. ఇంకా మాట్లాడటం లేదు.

అసలు సంగతికి వస్తాను. గువ్వకి మోకాళ్ల వెనకా మెడ మడతలోనూ దద్దులు లేస్తున్నాయి. పిల్లకి మొన్ననే రెండేళ్లు నిండాయి. గోక్కుని గోక్కుని నెత్తురు చేసుకుంటోంది. నీకు తెలుసుగా నా సంగతి, నోటు పుస్తకం తెరిచాను. ఏ రోజు ఏ బట్ట వేశాం, ఏ నీళ్లు పోశాం, ఎక్కడ ఎంత ఎరుపు, అన్నీ రాస్తున్నాను. పావలా అంత ఉంటే ఒక చుక్క, అరచేయంత ఉంటే మూడు చుక్కలు.

నా అనుమానం కోడలి మీద. ప్రెస్సులో రోజంతా ప్రూఫులు దిద్ది వచ్చి, ఆ అలసటలో పిల్ల బట్టలు సరిగా జాడించకుండా ఆరేస్తుంది. సబ్బు నురగ బట్టలోనే ఉండిపోతుంది. చెబితే, "సరే అత్తయ్యా" అంటుంది. ఆ సరేలో ఎంత సరే ఉందో నాకు తెలియదా?

ఇరవై రెండేళ్లుగా పిల్లల లోషన్లు తయారుచేసే చోట ఉన్నావు. ఏం చేయమంటావో రాయి.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్, రెండో అంతస్తు
జూన్ 14

అక్కా,

బావగారిని రొట్టె విషయంలో క్షమించమను. మా లోషన్‌కి ఇంతకంటే గొప్ప కితాబు లేదు.

గువ్వ గురించి కంగారు పడకు. లేత చర్మానికి వేడి, చెమట, ఉప్పునీళ్లు, ఉన్ని బట్ట, ఏదైనా కారణం కావచ్చు. నువ్వన్నట్టు సబ్బు కూడా కావచ్చు. మా లోషన్ మీద మాత్రం అనుమానం పెట్టుకోకు. సీసా ముందువైపు ఏం రాసి ఉందో చూశావుగా, పరిమళం కలపలేదు అని. ఉన్నదంతా మొక్కల నుంచి వచ్చిందే.

పొడిబారిన చర్మమే దురద పెడుతుంది. స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే, రెండు పూటలా పలచగా రాయి. రెండు వారాల్లో తేడా కనబడుతుంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నాలుగేళ్లుగా నమూనాల గదిలో ఉన్నానుగా, ఇప్పుడు దానికి నన్నే పెద్దను చేశారు. గది మొత్తం నాదే, తాళంచెవి కూడా. చిన్నప్పుడు నీ పెన్సిల్ పెట్టె తాళం నాకు ఇవ్వలేదుగా, చూడు ఇప్పుడు!

చెల్లి


మేడమీది ఇల్లు
జూలై 9

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే రెండు పూటలా రాశాను. మూడు చుక్కలు దాటిపోయాయి. పుస్తకంలో గుర్తు చాలక ఇప్పుడు సున్నాలు చుడుతున్నాను. మోచేతుల మడతల్లో చర్మం పగిలి రసి కారుతోంది. రాత్రి చేతులకు మేజోళ్లు తొడిగి పడుకోబెడుతున్నాం. "అవ్వా, కుట్టుతోంది" అంటుంది. ఆ మాట వింటూ కూర్చోవడం ఎలా ఉంటుందో నువ్వు ఊహించుకో.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు.

కోడలు పిల్లను తీసుకుని ఎనిమిది రోజులు వాళ్ల అమ్మగారింటికి వెళ్లింది. లోషన్ తీసుకెళ్లలేదు. నేను చిన్న సీసాలో పోసి ఇస్తే, బల్ల మీదే మరిచిపోయిందనుకున్నాను. తిరిగొచ్చాక చూస్తే పిల్ల మెడ అద్దంలా ఉంది. అక్కడి నీళ్లు మంచివి కాబోలు అనుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టాను. మూడో రోజుకి ఎర్రగా కందిపోయింది. ఇక ఊరుకోలేక కోడల్ని నిలదీశాను.

"నువ్వు మళ్లీ బట్టలు సరిగా జాడించలేదు కదూ?"

"ఈ వారం బట్టలు ఉతికింది మీరే అత్తయ్యా."

అప్పుడు తన చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి నా పుస్తకం పక్కన పెట్టింది. ఎనిమిది రోజులకీ ఎనిమిది వరసలు. నా చుక్కలే, నా గుర్తులే. ఒక్కో వరస చివర "లోషన్ రాయలేదు" అని ఉంది. మరిచిపోవడం కాదు, కావాలనే వదిలి వెళ్లింది.

"ముందే చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"మూడుసార్లు చెప్పాను. ఆ వాసన పడటం లేదేమో అన్నాను. మీ చెల్లెలు పంపింది, దానికి వంక పెడతావా అన్నారు. అందుకే మీకు అర్థమయ్యే భాషలో రాసి తెచ్చాను."

చెల్లీ, నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నెల రోజులుగా నేను ఆ పిల్లని అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

తర్వాత తను నువ్వు పంపిన ఖాళీ సీసా ఒకటి దీపం కింద పెట్టి వెనకవైపు చదివింది. ప్రూఫులు దిద్దే కళ్లు కదా, చీమ తలకాయంత అక్షరాలు కూడా వదలవు. తొమ్మిదో వరసలో "లావెండర్ పూల నూనె" అని ఉంది. ముందువైపు చూస్తే పరిమళం కలపలేదని. పూల నూనె పరిమళం కాకపోతే మరి ఏమిటి? పప్పులోకి పోపా?

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్
జూలై 16

అక్కా,

నీ ఉత్తరం చదివితే నేనేదో పిల్లకి విషం పంపినట్టుంది. పూల నూనె వాసన కోసం వేసింది కాదు, చర్మానికి మంచిదని వేసింది. అందుకే పరిమళం లెక్కలోకి రాదు. పదార్థాల జాబితాలో పేరు ఉందంటేనే దాచలేదని కదా అర్థం? లక్షల సీసాలు అమ్ముడవుతున్నాయి. అందరి పిల్లలకీ బాగానే ఉంది. గువ్వ ఒక్కదానికి పడకపోతే మానేయండి, అంతే. దానికి ఇంత పంచాయితీ దేనికి?

నీ పుస్తకాల సంగతి నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నేను వారానికి ఎన్ని అబద్ధాలు ఆడేదాన్నో కూడా రాసిపెట్టి నాన్నకి చూపించిన మనిషివి. ఇప్పుడు నీ కోడలు కూడా అదే బళ్లో చేరినట్టుంది.

ఒక్క మాట. ఆ సీసాలు నేను పంపానని బయట ఎవరితోనూ అనకు. డాక్టరుతో కూడా. అవి కొట్లో అమ్మేవి కావు. ప్రతి బ్యాచ్ నుంచి మూడు సీసాలు తీసి నా గదిలో రెండేళ్లు ఉంచుతాం. వాటిని సాక్షి సీసాలంటాం. రంగూ వాసనా నిలిచాయా లేదా అని వారం వారం మూత తీసి చూస్తాం. గడువు తీరాక పారబోయాలి. మేం పారబోయకుండా ఇళ్లకు తీసుకుపోతాం. అందరూ చేసేదే. కానీ పైవాళ్లకి తెలిస్తే నా ఉద్యోగానికి ముప్పు.

చెల్లి


మేడమీది ఇల్లు
ఆగస్టు 2

నమూనాల గది పెద్ద గారికి,

నమస్కారం. మిమ్మల్ని ఇక "నువ్వు" అనడానికి నోరు రావడం లేదు. పెద్ద ఉద్యోగస్తులు. తాళంచెవి ఉన్నవారు.

పిల్లను చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఎవరికీ చెప్పొద్దన్న మాట నేను పాటించలేదు. జాడీ, మీ సీసా, నా పుస్తకం, కోడలి కాగితం అన్నీ బల్ల మీద పెట్టాను. ఆవిడ ముందు నా పుస్తకం చదివారు. "ఇలా రాసేవాళ్లు ఇంటికొకరు ఉంటే నా పని సగం తగ్గేదమ్మా" అన్నారు. మెచ్చుకోలు కూడా ఆ రోజు చేదుగానే ఉంది.

గువ్వ వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించారు. ఒక్కో పట్టీ కింద ఒక్కో వాసన సరుకు. రెండు రోజుల తర్వాత తీసి చూశారు, నాలుగో రోజు మళ్లీ చూశారు. మిగతావన్నీ మామూలుగా ఉన్నాయి. ఒకే ఒక్క చోట ఎర్రగా, ఉబ్బి, నీటి పొక్కులతో ఉంది. అది లినలూల్ అట. మీ తొమ్మిదో వరసలోని పూల నూనెలో ఉండేదే. అందులోనూ గాలి తగిలి పాతబడిన లినలూల్.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తాజాగా ఉన్నప్పుడు అది పెద్దగా గొడవ చేయదు. మూత తీసిన ప్రతిసారీ గాలి తగిలి మెల్లగా వేరే సరుకుగా మారుతుంది. ఆ మారినది చర్మానికి శత్రువు. మొక్క నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీలో చేశారా అన్నది చర్మం అడగదు.

మీరు రెండేళ్లు వారం వారం మూత తీశారు. ఆ తర్వాత పన్నెండు సీసాలూ నేను కలిపి, వదులు మూత జాడీలో, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాను. మీరు సగం వండితే నేను మిగతా సగం వండాను. నా పొదుపు, నా తెలివి, నా పద్ధతి! ఆ జాడీ పగలగొడదామని చేతిలోకి తీసుకున్నాను. కోడలు లాక్కుని, "అది డాక్టరుకి కావాలి" అంది. ఈ ఇంట్లో బుద్ధి ఎవరికుందో తెలిసింది కదా.

"ఎన్నాళ్లకి తగ్గుతుంది?" అని అడిగాను.

"దద్దులు తగ్గుతాయి. కానీ చర్మం ఒకసారి శత్రువని నేర్చుకున్నది మరిచిపోదమ్మా. జన్మంతా జాగ్రత్తపడాలి. సబ్బు, షాంపూ, తుడిచే కాగితం, ప్రతి దాని వెనకా చదవాలి."

రెండేళ్ల పిల్ల. జన్మంతా.

నా తప్పు నేను ఒప్పుకున్నాను, కోడలి ఎదుట, మీ బావగారి ఎదుట, అబ్బాయి ఎదుట. ఇప్పుడు మీ వంతు. గువ్వ ఒక్కదానికేనా ఇలా అయింది? అంతకు ముందు ఎవరూ మీకు రాయలేదా? అంకె రాయండి. కథలొద్దు.

గువ్వ అవ్వ


ఫ్యాక్టరీ క్వార్టర్స్
ఆగస్టు 11

అక్కా,

"మీరు" అని ఇంకోసారి రాయకు. తిట్టు, పడతాను. అది మాత్రం వద్దు.

నలభై ఒకటి.

గత మూడేళ్లలో నలభై ఒక్క మంది తల్లులు ఫ్యాక్టరీకి ఉత్తరాలు రాశారు. కొందరు ఫోటోలు కూడా పంపారు. అవన్నీ నా బల్ల మీదికే వస్తాయి. జవాబులు నేనే రాస్తాను. ఏమని రాస్తానో నీకు తెలుసు. జూన్‌లో నీకు రాసిందే. వేడి, చెమట, ఉప్పునీళ్లు, ఉన్ని బట్ట. తడి పూర్తిగా ఆరకముందే రెండు పూటలా పలచగా రాయండి. అది అచ్చువేసిన కాగితం, అక్కా. అందులోంచి నీకు ఎత్తి రాశాను. మన గువ్వ కోసం కొత్తగా ఒక్క వాక్యం కూడా ఆలోచించలేదు.

ఇంకా ఉంది. సీసా మీది ఆ మాట నాదే. లోషన్ పచ్చిగా మైనం కంపు కొట్టేది. పరిమళం కలిపితే "పరిమళం కలపలేదు" అని వేయలేం. ఆ మాట లేకపోతే తల్లులు కొనరు. మేనేజరు తలపట్టుకుని కూర్చున్నాడు. నేనే అన్నాను, "పూల నూనె వేసి, దాన్ని పరిమళం కింద కాకుండా చర్మ సంరక్షణ కింద రాద్దాం సార్" అని. ఆయన లేచి నా చేయి ఊపేశాడు. "ఇన్నాళ్లూ నిన్ను మిషన్ల దగ్గర ఎందుకుంచామమ్మా!" అన్నాడు. నమూనాల గది అలా వచ్చింది నాకు.

దద్దుల ఉత్తరాలు మొదలయ్యాక నాకు అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నేను రాసిన జవాబే నేను మళ్లీ చదువుకుని నమ్మేదాన్ని.

నన్నేం చేయమంటావు? రిటైరు కావడానికి నాలుగేళ్లుంది. ఈ క్వార్టర్ వాళ్లది. ఒంటరిదాన్ని. నోరు తెరిస్తే రేపు సామాను బయట ఉంటుంది.

చెల్లి


మేడమీది ఇల్లు
ఆగస్టు 17

చెల్లీ,

"నువ్వు"కి వచ్చాను. సంతోషించకు. తిట్టడానికి "మీరు" చాలలేదు, అందుకని.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి బయటికి చదివాను, కోడలు వినాలని. తను గువ్వకి మందు రాస్తూ వింది. ఉన్ని బట్ట అనే మాట దగ్గర చేయి ఆగింది. ఈ ఇంట్లో ఉన్ని బట్టే లేదు.

ఆ నలభై ఒక్క ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో నేను చెబుతాను విను. ఒక్కో ఇంట్లో ఒక్కో నాలాంటి అత్త, ఒక్కో మా కోడలు. "నువ్వు సరిగా ఉతకలేదు, సరిగా తుడవలేదు, ఏం తిని పాలిచ్చావు" అని. నీ కాగితం చూపించి, "చూడు, ఫ్యాక్టరీవాళ్లే రాశారు" అని. దద్దులు పిల్లల ఒంటి మీద లేపి, నింద తల్లుల నెత్తిన పెట్టావు. రెండు పూటలా.

సామాను బయటపడేస్తారని భయమా? మా ముందు గది ఖాళీగా ఉంది. ఇది ఆహ్వానం అనుకోకు. ఆ సాకు నీకు లేకుండా చేస్తున్నాను, అంతే.

పిల్లల సరుకులు తనిఖీ చేసే ఆఫీసుకి నేను ఫిర్యాదు రాశాను. నా పుస్తకం నకలు, డాక్టరమ్మ చీటీ జతచేశాను. జాడీ సంగతీ, నా తప్పూ కూడా రాశాను. దాస్తే నీకూ నాకూ తేడా ఏముంటుంది? నీ ఉత్తరం మాత్రం జతచేయలేదు. మీ బావగారు చేయమన్నారు, అబ్బాయి చేయమన్నాడు. కోడలు ఒక్కతే వద్దంది. "ఆవిడ నోటితో ఆవిడే చెప్పాలి. మనం లాగి చెప్పిస్తే అది మళ్లీ మన గొడవే అవుతుంది" అంది.

నా ఇంటి సంగతి నేను రాశాను. నలభై ఒక్క ఇళ్ల సంగతి నువ్వే రాయాలి.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్
సెప్టెంబర్ 4

అక్కా,

రాశాను.

నలభై ఒక్క ఉత్తరాలూ చేత్తోనే రాశాను. అచ్చు వేయించాలనిపించలేదు. నాలుగు రోజులు పట్టింది. అందరికీ ఒకటే రాశాను: "మీ బిడ్డకు వచ్చిన దద్దులకు మా లోషన్‌లోని పూల నూనె కారణం అయ్యుండవచ్చు. రాయడం ఆపేసి, సీసా తీసుకుని చర్మం డాక్టరుకు చూపించండి. వేడి, చెమట, ఉన్ని బట్ట అంటూ తప్పు మీ మీదికి నెట్టి నేను రాసిన జవాబు చించేయండి. దాన్ని రాసింది నేను. ఆ పూల నూనెను పరిమళం కాదని చెప్పిందీ నేనే." కింద నా పేరు, గది పేరు రాశాను. ఒక నకలు తనిఖీ ఆఫీసుకి పంపి, ఇంకొకటి మేనేజరు బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, "ఏమ్మా, కూర్చున్న కొమ్మనే నరుక్కుంటావా?" అన్నాడు.

"నరక్కపోతే అది కిందున్న పిల్లల నెత్తిన పడుతుంది సార్" అన్నాను.

తాళంచెవి అక్కడికక్కడే తీసుకున్నారు. క్వార్టర్ ఖాళీ చేయడానికి ఈ నెలాఖరు దాకా గడువిచ్చారు. సాక్షి సీసాలు ఇంటికి పంపిన సంగతి కూడా నేనే చెప్పేశాను. అది దొంగతనం కింద రాసుకున్నారు. మిగతాదానికి పద్దు ఏమిటో వాళ్లకి తోచలేదు.

తనిఖీవాళ్లు వచ్చి వెళ్లారు. ఇకముందు వచ్చే సీసాల మీద ఆ మాట తీసేస్తారట. కొట్లలో ఇప్పటికే ఉన్నవాటి గురించి మాత్రం "పరిశీలిస్తాం" అన్నారు.

పదకొండు మంది తల్లులు జవాబు రాశారు. ఒకావిడ కవర్లో నా పాత అచ్చుకాగితం ముక్కలు మాత్రమే పెట్టి పంపింది. ఇంకేమీ రాయలేదు.

కోడలికి నేనేం రాయాలో తెలియక రాయలేదు. నువ్వే ఏదైనా చెప్పు.

చెల్లి


మేడమీది ఇల్లు
సెప్టెంబర్ 12

చెల్లీ,

నీ ఉత్తరం కోడలికే ఇచ్చాను. చదివి మడిచి నాకు తిరిగి ఇచ్చింది. తర్వాత అంది:

"నలభై ఒక్క మంది ఉత్తరం రాశారు కాబట్టి వాళ్లకి తెలిసింది. రాయనివాళ్ల సంగతేమిటి అత్తయ్యా? వాళ్లకి ఎవరు చెబుతారు?"

సంచీ తీసుకుని మా వీధి చివరి కొట్టుకి వెళ్లాను. పిల్లల సరుకుల అరలో మీ సీసాలు ఇరవై ఆరు, వరసగా, ముందువైపు చూపిస్తూ నిలబడి ఉన్నాయి. పరిమళం కలపలేదు, పరిమళం కలపలేదు, ఇరవై ఆరుసార్లు. ఒళ్లు మండిపోయింది. ఒక్కొక్కటీ తీసి వెనక్కి తిప్పి పెట్టడం మొదలుపెట్టాను. చిన్న అక్షరాలు ముందుకి, పెద్ద అక్షరాలు గోడకి.

కొట్టు ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నారమ్మా?"

"సర్దుతున్నాను నాయనా. మీవాళ్లు అన్నీ తిరగేసి పెట్టారు."

"అది వెనక వైపమ్మా!"

"నిజం రాసింది అటే ఉంది మరి."

చంకలో బిడ్డ ఉన్న ఒకమ్మాయి ఆగి, "ఏమైందండీ?" అంది. చెప్పాను. అంతా చెప్పాను. తను చేతిలో ఉన్న సీసా అరలో పెట్టేసి, నాతోపాటు ఇంకో రెండు తిప్పి వెళ్లింది.

మర్నాడు వెళితే ఆయన అన్నీ మళ్లీ యథాప్రకారం పెట్టాడు. నేనూ మళ్లీ తిప్పాను. ఈ రోజుకి అయిదో రోజు. "మీరు మనిషా, గడియారమా?" అని అడిగాడు. పరిశీలిస్తామన్నవాళ్లు పరిశీలించేదాకా వస్తానని చెప్పాను. కోడలు ప్రెస్సు నుంచి వచ్చే దారిలో ఉన్న కొట్టు తను చూసుకుంటోంది. మందుల వీధిలో ఇంకో రెండు కొట్లున్నాయి, అక్కడికి నా మోకాళ్లు సహకరించడం లేదు.

క్షమించానని రాయమంటావేమో, రాయను. కోడలూ రాయదు. గువ్వ ఇంకా మేజోళ్లతోనే పడుకుంటోంది. నువ్వు వచ్చినా చేతులు కడుక్కుని, వాసన లేని బట్ట కట్టుకుంటేనే దాన్ని ఎత్తుకోనిస్తాం.

నెలాఖరుదాకా ఆగకు. సామాను తర్వాత తెప్పించుకోవచ్చు. మందుల వీధి కొట్లు పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ రెండూ నీవి.

అక్క